ఫోటోలో శాలువా

ధవళేశ్వరం,
మే 4.

చి.సౌ. పావనికి,

నాన్న ఆశీస్సులు. ఇక్కడ క్షేమం. ‘మేమంతా’ అని రాయబోయి ఆగాను. నువ్వు, అల్లుడు గారు, హారతి కులాసాగా ఉన్నారని తలుస్తాను.

నువ్వు ఫోన్లో పంపిన ఉత్తరం రెండుసార్లు చదివాను. జవాబు కాగితం మీద రాస్తున్నాను. నా చేతిరాతతో ఉండటం అవసరం.

కాలవలు కట్టేశారు. కుళాయి రోజు విడిచి రోజు వస్తోంది. బీపీ మాత్రలు వేసుకుంటున్నాను. అమ్మ చీరల బీరువా ఇంకా తీయలేదు. కుట్టు మిషను ఎవరికైనా ఇచ్చేద్దామా అన్నావు. ఇవ్వలేదు. దాని మీద పేపర్లు పెడుతున్నాను.

ఇక హారతి హాస్టలు సంగతి. అక్కడి వార్డెను సత్యప్రసాద్ ‘మేష్టారు నాకు గురువుగారండి’ అన్నాడనీ, నేను అతనికి శాలువా కప్పుతున్న ఫోటో అతని గదిలో చూసి మీకు ధైర్యం వచ్చిందనీ రాశావు.

హారతిని అక్కడ చేర్పించవద్దు.

పదకొండేళ్ల క్రితం, నేను హెడ్మాస్టరుగా ఉన్నప్పుడు, అతను మా బడి హాస్టలు వార్డెను. అమ్మ వారానికి రెండు రోజులు ఆ పిల్లలకు కుట్టు నేర్పేది. ఏడో తరగతి పిల్ల ఒకతి మిషను దగ్గర అమ్మకు చెప్పింది. లెక్కలు చెప్తానని గదికి పిలిచి తలుపు వేస్తున్నాడని. ఆ తర్వాత ఏం చెప్పిందో నేను రాయను. పిల్ల పేరూ రాయను.

అమ్మ ఇంటికి వచ్చి, సంచీ చేతిలో ఉండగానే నాకు చెప్పింది.

“పోలీసులకి చెప్పండి.”

“పిల్ల పేరు బయటికొస్తుంది. బడి పేరు పోతుంది.”

“ముందు పిల్లని చూడండి. పేర్లు తర్వాత చూసుకుందురు గాని.”

నేను చెప్పకపోతే తనే వెళ్తానన్నట్టు చెప్పులు వేసుకుంది. వెళ్తే నా ఉద్యోగం పోతుందన్నాను. చెప్పులు విప్పేసింది.

కరస్పాండెంటు గారు ఒక్క గంటలో తేల్చేశారు. “రాజీనామా రాయించేద్దాం మేష్టారూ. ఊరికే పంపితే నలుగురూ నాలుగు రకాలుగా అనుకుంటారు. ఓ శాలువా కప్పేస్తే సరిపోద్దండి.”

శాలువా రాజమండ్రిలో కొనుక్కు రమ్మని అమ్మతో అన్నాను. “మీరే కొనుక్కోండి” అంది. కొన్నాను. నడవడిక బాగుందని సర్టిఫికెట్టు రాసి సంతకం పెట్టాను. అది పట్టుకునే అతను మీ ఊరు వచ్చి ఉంటాడు.

పిల్లకు టీసీ ఇచ్చి పంపాం. వాళ్ల నాన్నకు ఏమీ చెప్పలేదు. ట్రంకు పెట్టె భుజాన పెట్టుకుని, నాకు దండం పెట్టి వెళ్లాడు.

అమ్మ కుట్టు క్లాసు మోకాళ్ల నొప్పి వల్ల మానేసిందని అప్పట్లో నీకు చెప్పాను. అబద్ధం.

ఇలాంటివి తెలిసి చెప్పకపోవడం కూడా నేరమని నాకు అప్పుడే తెలుసు. ఆ సర్క్యులర్ నోటీసు బోర్డుకు అంటించింది నేనే.

ఆస్పత్రిలో చివరి వారం అమ్మ ఒకటే అడిగింది. “ఆ పిల్ల ఎక్కడుందో కనుక్కున్నారా?” కనుక్కుంటానన్నాను. నీ ఉత్తరం వచ్చేదాకా ఆ పనికి కుర్చీలోంచి లేవలేదు.

హారతి ఒక్కతీ తప్పుకుంటే చాలదు. అక్కడ ఇంకా పిల్లలున్నారు. నిన్న పిల్లల హెల్ప్‌లైనుకు ఫోన్ చేసి అతని పేరు, బడి పేరు, నా పేరు చెప్పాను. సోమవారం స్టేషన్‌కు వెళ్తున్నాను. నా మీదా కేసు పెట్టవచ్చన్నారు. పెట్టనీ. అల్లుడు గారికి నువ్వే చెప్పు. ఈ కాగితం జిరాక్సు తీయించి, అసలుది మీ ఊరి స్టేషన్లో ఇవ్వు.

హారతికి ఒక్క మాట చెప్పు. తలుపు వేసిన గదిలోకి ఎవరు పిలిచినా వెళ్లొద్దని, పిలిస్తే నీకు చెప్పమని. చెప్పినప్పుడు నమ్మి ఊరుకోకు. ఆ పిల్ల చెప్పింది అమ్మ నమ్మింది. నేనూ నమ్మాను, పావనీ. నమ్మే ఆ శాలువా కప్పాను.

ఇట్లు,
మీ నాన్న,
పెద్దిరాజు