రంగు వేయని కారం

బ్రాడీపేట, గుంటూరు
జూన్, 1987

చెల్లి రెబ్కాకు ప్రభువు పేరిట అక్క రాసేది.

దంచిన కారంలో ఇంకా రంగు కలపలేదుగా? కలపొద్దు. ఎర్రగా లేదని నీ పొట్లాలు తిప్పి పంపిన కొట్టు గురునాథం గారే మళ్లీ తెమ్మన్నారు. ఈ బేరం పోతే పత్తి కూలికి పోతానన్నావు, ఇక ఆ మాట వద్దు.

కారంలో రంగు కలపడం నేరమని, ఏమేం వేశారో పొట్లం మీద రాయాలని పేపర్లో చదివి, కొట్టుకెళ్లి ఆయనకు చెప్పాను. ఆయన నవ్వారు. గ్లాసుడు నీళ్లడిగి, ఆయన అమ్మే కారం చిటికెడు చల్లాను. అందులో కలిపిన రంగు ఎర్రటి చారలై అడుగుదాకా దిగింది. మరో గ్లాసులో నేను తీసుకెళ్లిన నీ కారం వేస్తే అలా దిగలేదు.

"ఏమ్మా, నా బేరాలు చెడగొట్టడానికొచ్చారా?" అన్నారు. అప్పటికే సరుకులకొచ్చిన ఇద్దరు ఆడవాళ్లు నీ కారం కావాలన్నారు.

"సరే, మీ చెల్లెల్ని తెమ్మనండి. వేసినవన్నీ రాయమనండి."

మిరపకాయలు, ఉప్పు అని రాసి ఊరుకోకు. దంచేటప్పుడు మెరుపు కోసం మీ అత్తగారు చాటుగా వేసే నువ్వుల నూనె కూడా రాయి. ఇంటి రహస్యం బయటపెట్టావని కోప్పడతారు. కోప్పడనీ. అడుగున నీ పేరు మాత్రం పెద్ద అక్షరాలతో రాయి.

నీ అక్క