వెల్లడించవలసిన సంబంధాలు

ప్రియమైన శ్రీవారికి,

ఫోనులో మాట్లాడితే రెండో నిమిషానికే పోట్లాట అవుతోంది కాబట్టి కాగితం పట్టాను. యూనివర్సిటీ క్వార్టర్స్‌లో వంటింటి కుళాయి బాగైంది. నేను కాలేదు.

మీ పోయిన ఉత్తరంలో గాజు పనిచేసే ఆవిడ గురించి పదకొండు వాక్యాలున్నాయి, నా దగ్గు గురించి ఒకటి. లెక్కపెట్టడం తప్పని తెలుసు. మన ఊరి లైబ్రరీ గాజు పైకప్పు కారుతోంది. తప్పు బిగించిన ఆవిడదా, నమూనా గీసిన ఆర్కిటెక్టుదా తేల్చమని, కోర్టుకెక్కకుండా ఇద్దరూ ఒప్పుకుని ఇంజనీరైన మిమ్మల్ని మధ్యవర్తిగా పెట్టుకున్నారు. బావుంది. ఆవిడ నిచ్చెన పట్టుకుంటే మీరెక్కారని, ఆవిడ వేళ్ల నిండా గాజు గీసిన గాట్లని నాకెందుకు రాశారు? మధ్యవర్తి చూడాల్సింది పగుళ్లు కదా?

మీ
అనుమానాల పుట్ట

*

ప్రియమైన ప్రొఫెసరమ్మకి,

నీ ఉత్తరం చదివి ఆఫీసులో అందరి ముందూ నవ్వాను. వాక్యాలు లెక్కపెట్టడం మాని దగ్గు మందు వేసుకో. ఆర్కిటెక్టు ఇంతవరకూ మొహం చూపించలేదు, వకీలునే పంపుతున్నాడు. ఇక నేను రాయడానికి మిగిలింది ఆవిడే. పాపం, ఆవిడ కింద ఎనిమిదిమంది పనివాళ్లు. తీర్పు వచ్చేదాకా ఆవిడకెవరూ పని ఇవ్వడం లేదు.

మధ్యవర్తిత్వ చట్టం ప్రకారం మొదటిరోజే రాసిచ్చాను, ఇరుపక్షాల్లో ఎవరితోనూ నాకు చుట్టరికం, స్నేహం, పగ లేవని. అనుమానానికి తావిచ్చేది మధ్యలో బయటపడినా వెంటనే వెల్లడించాలట. ఈ చట్టం రాసినవాళ్లకి నీలాంటి భార్యే ఉండుంటుంది.

బుధవారం ఆఖరి విచారణ. గాజు పనిలో తన అనుభవం చూపించడానికి ఆర్కిటెక్టు పాత బొమ్మల పుస్తకాలతో స్వయంగా వస్తాడు. ఆపైన తీర్పే.

నీ
పగుళ్లు మాత్రమే చూసేవాడు

*

ప్రియమైన మీకు,

మూడు వారాలు. ఒక్క ముక్క లేదు.

మనింటి కింది వాటా పిన్నిగారు నిన్న ఫోను చేశారు. "మీ ఆయన ఆ కేసు వదిలేశాడటే అమ్మాయ్. అందులో ఎవరితోనో సంబంధముందని తనే రాసిచ్చాడట. నీకు తెలుసనుకున్నాలే" అన్నారు. తెలియదని ఆవిడకి తెలుసు.

క్లాసులో పాఠం చెబుతూ చెబుతూ కిటికీ అద్దం చూసి చెప్పిందే మళ్లీ చెప్పాను. పిల్లలు రెండోసారీ రాసుకున్నారు. చట్టం అడిగితే సంతకం పెట్టి రాసిచ్చారు, నేను అడిగితే నవ్వారు. ఆవిడ ఎలా ఉంటుందని అడగను. ఆ కాగితంలో ఏం రాశారో, అక్షరం మార్చకుండా నాకూ రాయండి. రాసేదాకా రాను.

నేను

*

ప్రియమైన నీకు,

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నవాణ్ణి నేనే.

బుధవారం ఆర్కిటెక్టు తెచ్చిన కాలేజీ రోజుల పుస్తకంలో, పాత గాజు కిటికీల బొమ్మల మధ్య ఒక కిటికీ పక్కన కలం కొరుకుతూ ఒక అమ్మాయి ఉంది. నువ్వే. మన పెళ్లికి ముందు ఏడాది తేదీ. కింద చిన్నగా "రేపైనా అడగాలి" అని ఉంది.

మంగళవారం దాకా తప్పు ఆవిడ బిగింపుదేనని నా నిర్ణయం. గాట్లున్న వేళ్లు చూసీ అదే అనుకున్నాను. ఆ బొమ్మ చూసిన గంటకి ఆర్కిటెక్టు గీసిన పైకప్పు వాలు తప్పనిపించింది. నిజంగా తప్పేమో. కానీ దాన్ని చూసింది ఇంజనీరు కళ్లా, కుట్టిన కళ్లా, ఎంత ఆలోచించినా తేలలేదు.

ఆ కాగితంలో రాసింది ఇంతే: "రెండో పక్షం ఒకప్పుడు నా భార్యను ఇష్టపడ్డారని నమ్ముతున్నాను. నాకు అసూయగా ఉంది. తప్పుకుంటున్నాను." కొత్త మధ్యవర్తి మొదటినుంచి వినాలి. ఆవిడ పనివాళ్లు అప్పటిదాకా ఖాళీ. అది నా వల్లే. నీకు రాయడానికి సిగ్గేసింది.

అతను అడిగాడా?

నీ
పనికిరాని మధ్యవర్తి

*

ప్రియమైన శ్రీవారికి,

అడగలేదు. అతను నాకు గుర్తే లేడు. ఆ కిటికీ గుర్తుంది. అక్కడ మీకోసమే కూర్చునేదాన్నని రాస్తే బావుంటుంది, కానీ వెల్లడి అన్నాక నిజమే రాయాలి. అడిగి ఉంటే ఏమనేదాన్నో నాకే తెలియదు.

ఇంకొకటీ వెల్లడించాలి. మీ ఉత్తరంలో "అసూయగా ఉంది" అన్న వాక్యం ఎన్నిసార్లు చదివానో లెక్కపెట్టలేదు. ఆ గాజు పనివాళ్ల గురించి చదివి బాధపడింది ఆ తర్వాతే. నేనూ మధ్యవర్తిగా పనికిరాను.

శనివారం బస్సుకి వస్తున్నాను. ముందు ఆవిడ దగ్గరికి వెళ్దాం, ఇద్దరం.

మీ
రెండో పక్షం