గేటు దగ్గర ఏడుపు

పిల్లల ఇళ్ళవారందరికీ బడి తరఫున నమస్కారం.

వానలు వెళ్ళిపోకముందే, వచ్చే వారమంతా మన చిన్నపిల్లలు బురదతో బొమ్మలు చేస్తారు, నీటిగుంటల్లో కాగితప్పడవలు వదులుతారు. ఒక జత పాతబట్టలు పంపండి. గొడుగు మీద పేరు రాయడం మరవకండి. మరో మనవి: పొద్దున పిల్లల్ని దింపాక దయచేసి గేటు దగ్గర నిలబడకండి. మీరు కనబడినంతసేపూ వాళ్ళు లోపలికి రారు.

మీ పిల్లల టీచరు

తా.క.: ఈ కాగితం మీది మరక సిరా కాదు, బురదే. ముందుగా నేను చేసి చూశాను.

*

టీచరమ్మగారికి, మీ బడిలో కొత్తగా చేరిన బుడంకాయ అమ్మమ్మ నమస్కరించి రాయునది.

మీ ఉత్తరం అందింది. నన్నే ఉద్దేశించి రాశారని చదవగానే తెలిసిపోయింది. "అందరికీ రాశారమ్మా, గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకుంటావేం" అంటుంది మా అమ్మాయి. నేను ఏ గుమ్మడికాయా ఎత్తుకురాలేదు.

పాతబట్టలన్నారు. మాది ఇస్త్రీ దుకాణం. నా మనవడు నలిగిన చొక్కాతో బడికొస్తే రేపు నా దగ్గర బట్టలెవరు వేస్తారు? అందుకని కొత్త జత, గంజి పెట్టి, ఇస్త్రీ చేసి పంపుతున్నాను.

ఇక గేటు సంగతి. వాడు గుక్కపట్టి ఏడుస్తుంటే వదిలేసి పోవడానికి నా గుండేం రాయి కాదు. కానీ వాడు బడిలో కుదురుకోకపోతే మా అమ్మాయి కొత్తగా చేరిన నర్సు ఉద్యోగం మానుకోవాలి. అందుకని మీ మాట విని ఇవాళ గేటు దగ్గర నిలబడలేదు.

ఇట్లు, చెప్పిన మాట వినే మనిషి

తా.క.: గేటుకి ఎదురుగా కరెంటు స్తంభం వెనక నిలబడ్డాను. స్తంభం సన్నం, నేను లావు. కనిపెట్టేశాడు.

*

అమ్మమ్మగారికి నమస్కారాలు.

ఆ ఉత్తరం నిజంగా అందరికీ రాసిందేనండి. మీరు పంపిన బట్టల మడత చూసి మిగతా పిల్లలు ముట్టుకోవడానికి భయపడ్డారు. మీవాడు మాత్రం వాటితోనే బురదలో కూర్చున్నాడు. సంచిలో పెట్టి పంపుతున్నాను, పెద్ద మనసుతో తెరవండి.

ఇప్పుడు వానలు తగ్గి, గాలికి ఆకులు రాలుతున్నాయి కదా. గోడమీద అతికించడానికి గుప్పెడు ఎండుటాకులు పంపితే చాలు.

మీ టీచరు

తా.క.: స్తంభం వెనక కూడా వద్దండి.

*

టీచరమ్మగారికి నమస్కారం. ఇక్కడ నేను క్షేమం, చొక్కా క్షేమంగా లేదు.

సంచి తెరిచాక చొక్కా ఏదో, నిక్కరు ఏదో పోల్చుకోవడానికి కాసేపు పట్టింది. నోటిదాకా వచ్చిన తిట్టు మింగేశాను. వాడు అంత సంబరంగా చూపించాడు మరి.

ఆకులు పంపుతున్నాను. ముడతలతో పంపితే మర్యాదగా ఉండదని పైన గుడ్డ వేసి ఇస్త్రీ చేశాను. మొదట వేసినవి పొడైపోయాయి. తర్వాతవాటికి పెట్టె వేడి తగ్గించాను.

నిన్న స్తంభం మానేసి పళ్ళ బండి వెనక నక్కాను. "కొంటారా, కూర్చుంటారా?" అన్నాడు బండివాడు. ఆ మాటకి బుడంకాయ ఇటు చూశాడు, మళ్ళీ మొదలెట్టాడు. వీడు బడిలో నిలుస్తాడా అని నాకు దిగులుగా ఉంది.

ఇట్లు, ఇంకా వేడి తగ్గని అమ్మమ్మ

తా.క.: మొహమాటానికి పళ్ళు కొన్నాను. ఇంట్లో ఎవరూ తినడం లేదు.

*

పిల్లల ఇళ్ళవారందరికీ నమస్కారం.

చలి మొదలైంది. స్వెట్టరు, సాక్సులు మరవకండి. ఇంకా బడికి అలవాటుపడనివారి విషయం శుక్రవారం సాయంత్రం మాట్లాడుకుందాం. ఆ ఇళ్ళనుంచి తప్పక రావాలి.

మీ పిల్లల టీచరు

తా.క.: అమ్మమ్మగారూ, ఈసారి ఇది నిజంగా మీకే.

*

టీచరమ్మా, దణ్ణం పెట్టి రాస్తున్నాను.

వాడి పేరు తీసేయకండి. మా అమ్మాయి ఎన్ని గుమ్మాలు ఎక్కి దిగితే వచ్చిన ఉద్యోగమో నాకు తెలుసు. పోనీ వాణ్ణి నా దగ్గరే ఉంచుకుందామంటే, దుకాణంలో ఎటు తిరిగినా నిప్పులే. మొన్న సెలవునాడు వాడి చెయ్యి ఇస్త్రీ పెట్టెకి తగలబోయి వెంట్రుకవాసిలో తప్పింది. ఆ రోజు మళ్ళీ పెట్టె ముట్టుకోలేదు. నాకు భయంగా ఉందమ్మా.

రేపు వాణ్ణి మా అమ్మాయి డ్యూటీకి వెళుతూ దింపుతుంది. ఆ వీధిలో నా నీడ కూడా పడదు.

ఇట్లు, మీ మాట మీద ఆశ పెట్టుకున్న ముసలిది

తా.క.: ఏడిస్తే కోప్పడండి. వద్దు, కోప్పడకండి. ఎత్తుకోండి. బరువుంటాడు, నడుము జాగ్రత్త.

*

అమ్మమ్మగారికి నమస్కారాలు. ముందు కాస్త మంచినీళ్ళు తాగండి.

పేరు తీసే మాటే లేదు. తప్పంతా నా తాజాకలానిది. మీరు సందు మలుపు తిరిగేదాకానే మీవాడి ఏడుపు. తిరగ్గానే ముక్కు తుడుచుకుని, చెప్పులు విప్పి, తన చోట కూర్చుంటాడు. ఆపైన మిగతా పిల్లల్ని ఓదార్చేది వాడే. ఇవాళ వాళ్ళమ్మ దింపితే అసలు ఏడవనే లేదు. ఎందుకురా అంటే నాకు చెప్పడం లేదు. మీరు అడిగి చూడండి. శుక్రవారం మాత్రం రండి.

మీ టీచరు

తా.క.: గోడమీద మీ ఆకులు మాత్రమే నిలిచాయి. మిగతావాళ్ళవి ముడతలకు ఊడిపోయాయి.

*

టీచరమ్మగారికి, ప్రాణం లేచొచ్చిన అమ్మమ్మ నమస్కారాలు.

మీ ఉత్తరం చదివాక ఎన్నాళ్ళకో కడుపునిండా తిన్నాను. తర్వాత వాడికి స్నానం చేయిస్తూ అడిగాను, "ఏరా, లోపల ఏడవవట. గేటు దగ్గర మాత్రం ఎందుకురా అంత రాగం?" అని.

వాడు చెంబు పక్కన పెట్టాడు. "నువ్వు వెళ్ళకుండా చూస్తుంటావుగా అమ్మమ్మా. నేను ఏడవకపోతే నీకు ఏడుపొస్తుంది" అన్నాడు.

రోజూ పొద్దున్నే నన్ను ఓదారుస్తున్నాడన్నమాట, భడవ. నవ్వాలో ఏడవాలో తెలియక రెండూ చేశాను. మా అమ్మాయి ఉద్యోగానికి ఢోకా లేదు, నా గుండెల మీది బండ దిగింది.

ఇవాళ నేనే దింపాను. "వెళ్ళిరా నాన్నా" అని, వెనక్కి చూడకుండా నడిచాను. వెనక చప్పుడు లేదు. సందు తిరిగాక నాకే కళ్ళనీళ్ళు ఆగలేదు.

ఇట్లు, మీ బుడంకాయ అమ్మమ్మ

తా.క.: అలవాటుపడనివారి సమావేశానికి శుక్రవారం తప్పకుండా వస్తాను. వాణ్ణి తీసుకురావడం లేదు. వాడికి అవసరం లేదు.