హోర్డింగ్ మీద నస్రత్

జూన్ 11, 2001
బస్టాండ్ ఎదురుగా మా కాలేజీ హోర్డింగ్ పెట్టారు. దాని మీద నస్రత్. నాలుగేళ్లు నా పక్కన కూర్చున్న నస్రత్! కింద పెద్ద అక్షరాలు: బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఇంజనీర్. మార్కులు నాకే ఎక్కువ. క్యాంపస్ ఇంటర్వ్యూలో తడబడ్డాను, అంతే. అమ్మ ఆటోలోంచి తల బయటపెట్టి మరీ చూసింది. ఆ పిల్ల చున్నీ ఎంత బాగుందో అంది.

చున్నీ నాది. ఫోటో కోసం అడిగి తీసుకుంది.

జూన్ 12
ఇవాళ కూడా అటే వెళ్లాను. పనేం లేదు.

జూన్ 20
కాలేజీ అడ్మిషన్ ఆఫీసులో టెంపరరీ జాబ్ ఇచ్చారు. సీట్ల కోసం వచ్చేవాళ్లకి బ్రోచర్ ఇచ్చి, ల్యాబులెన్ని, ఎంతమందికి ఉద్యోగాలొచ్చాయి, అన్నీ చెప్పాలి. బ్రోచర్ తెరవగానే అదే మొహం. రోజంతా దాన్నే పంచాను.

జూన్ 24, ఆదివారం
వేటపాలెం వెళ్లాను, నస్రత్ సూట్‌కేస్ సర్దుకుంటుంటే చూసి ఇంకాస్త ఏడుద్దామని. ఇంట్లో లేదు. జీడిపప్పు యూనిట్‌లో బిల్లులు రాస్తోంది. కంపెనీ వాళ్లు ఆఫర్ వెనక్కి తీసుకున్నారట. కాలేజీకి వెళ్లి చెప్తే, ఫోటో ఉంటే నీకేంటమ్మా నష్టం అన్నారట.

“మా నాన్నకింకా తెలీదే. ఈ పని పిలుపొచ్చేదాకా కాలక్షేపం అనుకుంటున్నాడు. ఎవరితోనూ అనకు బిందూ,” అని చెయ్యి పట్టుకుంది.

సరే అన్నాను. చీరాలలో బస్సు ఆగితే సమోసాలు కొనుక్కున్నాను. చాలా రోజుల తర్వాత రుచి తెలిసింది.

జూన్ 29
ఉద్యోగం లేదని తెలిసినా కుళ్ళు పోలేదు. జనానికి తెలియదుగా.

జూలై 3
పర్చూరు నుంచి యలమందయ్య అనే మిరప రైతు కూతురు తేజశ్రీని తీసుకొచ్చాడు. ఫీజు కోసం పొలం బేరం పెట్టాడట. బ్రోచర్‌లో ఫోటో మీద వేలు పెట్టాడు.

“అమ్మా, ఈ పిల్ల నిజంగా బెంగుళూర్లో ఉజ్జోగం చేస్తందా?”

తేజశ్రీ ఆ ఫోటోని రెప్ప వెయ్యకుండా చూస్తోంది. నన్నెవరూ ఎప్పుడూ అలా చూడలేదు.

“లేదండీ. ఆ ఉద్యోగం పోయింది. వేటపాలెంలో బిల్లులు రాస్తోంది. కాలేజీకి తెలుసు.”

గట్టిగానే అన్నాను. వెనకున్నవాళ్లంతా విన్నారు. యలమందయ్య బ్రోచర్ బల్ల మీద పెట్టేసి కూతుర్ని తీసుకుని వెళ్లిపోయాడు. ఇంకొందరూ లేచారు. సాయంత్రం ప్రిన్సిపాల్ పిలిచి, రేపట్నుంచి రావద్దన్నాడు.

ఆ రైతు కోసం చెప్పానా, ఆ పిల్ల చూపు భరించలేక చెప్పానా? రెండోదే ముందు.

జూలై 8
నస్రత్ వచ్చింది. సంగతి వేటపాలెం దాకా పాకిందట. వాళ్ల నాన్న అలీ సాహెబ్ తలెత్తుకోలేక తన దుకాణం తెరవడం లేదట. మాట ఇచ్చి ఎలా తప్పావని గుమ్మంలోనే తిట్టింది. తర్వాత మంచం మీద కూర్చుని ఏడ్చింది. టీ ఇస్తే తాగింది. అందరి ముందూ నిజం చెప్పేద్దామని తనూ కాలేజీ గేటు దాకా వచ్చి, చాలాసార్లు వెనక్కి వెళ్లిపోయిందట.

“నేను చెప్పాల్సిన మాట అది. నీకెలా వచ్చిందే అంత ధైర్యం?” అంది.

ఆ గొంతు నేను గుర్తుపట్టాను. నస్రత్‌కి నా మీద కుళ్ళు!

జూలై 10
పేపర్లో ప్రకటన. ఒంగోలులో కంప్యూటర్ సెంటర్. ఒకటే పోస్టు.

ఇద్దరం అప్లై చేశాం.