గుర్తు ఉన్న అంగుళం

జీరస్ట్, ఫిబ్రవరి 11, బుధవారం. తెల్లవారినప్పటి నుంచి మబ్బు, చినుకు లేదు. లేత్ మిషన్ కింద పోగైన ఇనుప రజను ఊడ్చి డబ్బాకెత్తాను.

ఒనలెన్నాకు నాన్న దీవెనలు. అమ్మ, నేను, మీ మోతుసి మామ, పదిహేడు మేకలు, అందరం బాగున్నాం. నువ్వు ఆ లింపోపో నది ఒడ్డు శిక్షణ క్యాంపులో వేళకు తింటున్నావని అమ్మ నమ్మకం.

నీ ఉత్తరంలో మూడు ప్రశ్నలున్నాయి. మొదటిది అమ్మ మోకాలు గురించి. వాపు తగ్గింది. చర్చిలో పాడేవాళ్ళ వరుసలో మళ్ళీ నిలబడుతోంది. రెండోది, నేను నీకు చేసి పంపిన తుపాకీ గొట్టాన్ని ఎన్ని గుళ్ళకోసారి తుడవాలని. మొదటి పది గుళ్ళకూ ఒక్కోదాని తర్వాత, ఆపైన ఐదుకోసారి. ఇరవై రెండేళ్లలో మూడు వందల పైచిలుకు గొట్టాలు చేశాను. ఎవరూ నేర్పలేదు, పాడుచేసిన ఇనుమే నేర్పింది. అడవి దున్న మీదికొచ్చినప్పుడు, గురి ఎక్కడ పెడితే నా గొట్టం అక్కడే కొడుతుంది. ఈ మాట ఇప్పటికీ అంటాను.

ములాలో గారి సంగతి మరిచిపోలేదు. అడవి చూడవచ్చే సందర్శకులను లోపల నడిపించడానికి నీకు అనుమతి ఇవ్వాల్సిన మనిషి ఆయన. యాభై మీటర్లలో నీ మూడు గుళ్ళు జానెడు మేర చెదురుతున్నాయని, "తుపాకీదేం లేదమ్మాయ్, మీట నొక్కకముందే నీ భుజం పారిపోతోంది" అని అందరి ముందూ అన్నాడని జనవరిలో రాశావు. ఈ నెల ఇరవై ఆరున ఆఖరి పరీక్ష. తప్పితే ఇంకో ఏడాది ఆగాలి. ఆ జనవరి ఉత్తరానికి జవాబుగా నేను నీకేం రాశానో నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. పెద్ద తుపాకీ తన్నుకు అలవాటుపడు, భుజం గట్టిగా ఆనించు అని రాశాను.

నీ మూడో ప్రశ్న ఉత్తరం చివర, వేళాకోళంగా అడిగావు. గుడ్డ చుట్టిన ఊచను తూటా పెట్టే మొదలు నుంచి తోస్తే దారంతా బిగుతుగా వెళ్ళి, మూతి దగ్గర ఒక్కసారిగా వదులైపోతోంది, ఇది మామూలేనా అని.

మామూలు కాదు. నేను చేసే గొట్టం మూతి వైపు వెళ్ళేకొద్దీ వెంట్రుకవాసి బిగుస్తుంది. బయటపడే చోట వదులుంటే గుండు ఎటు పోతుందో దానికే తెలియదు. ఆ వాక్యం చదివి నా పని పుస్తకం తీశాను. "అక్టోబరు 30. వాన. ఒనలెన్నా గొట్టం లోపల సీసపు ముద్దతో తోమడం పూర్తి. మూతి అంగుళం కోశాను. తర్వాత" అని ఉంది. అంతే. వాక్యం అక్కడే ఆగింది.

తోమేటప్పుడు ముద్ద రెండు వైపులా కాస్త బయటికొచ్చి పోతుంటుంది. అందుకే రెండు చివరలూ వదులవుతాయి. మొదలు వైపు వదులు తూటా గది తొలిచినప్పుడు పోతుంది. మూతి వైపుది కోసేస్తాను. మూతి మీద నేను కొట్టిన గుర్తు కూడా ఆ ముక్కతోనే పోతుంది. కాబట్టి రంపం దించగానే, మరో పని ముట్టకుండా, కొత్త చివర మీద సుద్దతో గీస్తాను. ఆ గీత లేకపోతే రెండు చివరలూ కవల మేకపిల్లలే. ఆ రోజు పుస్తకం ముందు తీసి, సుద్ద తర్వాతకు పెట్టాను. ఈలోగా మోతుసి వాకిట్లో నిలబడి, బండి వాగు బురదలో దిగబడింది రమ్మన్నాడు. వెళ్ళాను. తడిసి వచ్చాను. గొట్టాన్ని తిరగేసి లేత్‌కు బిగించి, మూతి కావాల్సిన చివర తూటా గది తొలిచాను; వదులున్న మొదలు నీకు మూతి అయింది.

ఆ వాన మూడు రోజులు తగ్గలేదు. పేల్చి చూడకుండానే నీకు పంపాను. పరాయివాళ్ళ తుపాకీ అయితే పంపేవాణ్ణి కాదు.

మోతుసికి చెబితే నవ్వాడు. "మేకను కొన్నా తల ఎటో తోక ఎటో చూసుకుంటావు కదా బావా," అన్నాడు. అమ్మ నవ్వలేదు.

"మోతుసికి చెప్పుకున్నావు. బిడ్డకెప్పుడు చెప్తావు?" అంది.

దాని బదులు కొత్త గొట్టం తయారయ్యాక అన్నాను. నీ ఉత్తరం వచ్చి పదకొండు రోజులైంది. శిక్షణలో నువ్వు వెనకే నడుస్తావు కదా అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. దున్నకు ముందూ వెనకా తెలియదు. ఈ ఉత్తరం బస్సు డ్రైవరు చేతికిస్తున్నాను. అందిన గంట నుంచి ఆ తుపాకీ పట్టుకుని అడుగు బయటపెట్టకు. క్యాంపు తుపాకీ అడుగు.

కొత్త గొట్టం నిన్న పూర్తయింది. నా తుపాకీకి బిగించి, రాళ్ళగుట్ట కింద యాభై మీటర్లలో ఐదు గుళ్ళు పేల్చాను. ఐదు చిల్లులనూ ఒక్క అగ్గిపెట్టె కప్పింది. మంగళవారానికి నేనే తెచ్చి బిగిస్తాను. ఇరవై ఆరున నువ్వు నెగ్గుతావు, ఇందులో నాకు సందేహం లేదు.

నీ భుజం ఎప్పుడూ పారిపోలేదు. పదకొండు రోజులు నేను పారిపోయాను.

కోసిన ముక్కలన్నీ తీగకు గుచ్చి ఉంచుతానని నీకు తెలుసు. నీది విప్పి ఈ కవర్లో పెట్టాను. దాని మీద నా గుర్తు ఉంది, పక్కన నీ పేరు ఉంది. ఈ ఉత్తరాన్ని ములాలో గారికి అందరి ముందే చదివి వినిపించి, ఆ ముక్క ఆయన చేతిలో పెట్టు.

ఇట్లు,
నీ గొట్టాన్ని తిరగేసిన
నాన్న టీరో