సింధు లాగ్‌బుక్‌లో ఒక గురువారం

12 నవంబర్, మంగళవారం. అజ్మాన్.

రేపు మా అమ్మాయి సింధు తన కాలేజీలో లాగ్‌బుక్ ఇచ్చేయాలి. కరెంటు కార్ల కంపెనీ శిక్షణలో నాలుగు నెలలు ఏం నేర్చుకుందో అందులో రోజువారీగా రాసి, అక్కడి ఇంజనీరుతో సంతకం పెట్టించుకోవాలి. సాయంత్రం దానికి అట్ట వేస్తూ పేజీలు తిప్పాను. పోయిన నెల మూడో గురువారం కింద "బ్యాటరీ విప్పి పరీక్షించడం, ఎనిమిది గంటలు" అని ఉంది. అనుమానమొచ్చి వంటింటి క్యాలెండర్ చూశాను. ఆ రోజు సింధుకు జ్వరం, ఇంట్లోనే ఉంది. మాత్రలు వేసిన వేళలు నా చేత్తోనే రాసి ఉన్నాయి.

అడిగితే నవ్వింది. "మమ్మల్ని బండి చుట్టూ గీసిన పసుపు గీత దాటనియ్యరమ్మా. దూరంకెల్లి చూసుడే. కాలేజీకి గంటలు కావాలె, అందరం గట్లనే రాసినం. ఇంజనీరు సార్ అన్నిటికీ ఒక్కసారే సంతకం పెట్టిండు."

"సంతకమైంది గదా, ఖలాస్. నువ్వేమన్న పోలీసువా?" అన్నారు మా ఆయన.

వచ్చే నెల నుంచి ఆ కంపెనీదే ఇంకో వర్క్‌షాపులో దానికి ఉద్యోగం. ఈ గంటలు చూసే ఇస్తున్నారు. మొదటి రోజే గ్లౌజులు చేతికిచ్చి బ్యాటరీ విప్పమంటే?

చివరి పేజీలో జాగ్రత్తలు అచ్చువేసి ఉన్నాయి. బ్యాటరీ కరెంటును తెంచే ప్లగ్ తీశాక, తీగల్లో మిగిలిన కరెంటు పోయేదాకా ఎన్ని నిమిషాలు ఆగి బ్యాటరీ ముట్టుకోవాలో విద్యార్థే రాయాలి. పుస్తకమంతా నింపిన పిల్ల ఆ ఒక్క గడి ఖాళీగా వదిలింది.

"ఎన్ని నిమిషాలే?" అన్నాను.

"పొద్దున ఎవరినన్న అడిగి రాస్తలేమ్మా" అని పోయి పడుకుంది.

పుస్తకం దాని బ్యాగులో పెట్టలేదు. ఇంకా నా దగ్గరే ఉంది.