ముని జాతర ఫోటో

చిట్టీ,

అమ్మ మోకాళ్ల నొప్పి తగ్గిందా? మరిదిగారి దగ్గు ఎట్లా ఉంది? నేనిక్కడ బాగానే ఉన్నాను, నా గురించి బెంగ పెట్టుకోవద్దు. ఈ పులికాట్ గాలికి మొదట్లో ఒళ్లంతా జిగటగా ఉండేది, ఇప్పుడు అలవాటైంది. షెడ్డులో పొద్దున్నుంచీ ఐసు నీళ్లల్లో రొయ్యల తలలు తీయడమే పని. వేళ్లు తిమ్మిరెక్కినా ఆలోచన ఉండదు, అందుకే గదా వచ్చాను. తిరుపతిలో ఏ వీధిలో నడిచినా నా బిడ్డ ముని ఎదురొస్తున్నట్టే ఉండేది. ఇక్కడ పొద్దూ మాపూ చేపలే. ఎవరన్నా ఇటు వస్తే కాస్త రాగిపిండి పంపు, సంగటి మీదికి మనసు పోతోంది.

ఇన్నాళ్లూ ఫోను ఎందుకు కలవలేదో నోటితో చెప్తే ఏడుపొస్తుంది, అందుకని రాస్తున్నాను.

పోయిన ఏడు గంగమ్మ జాతరకు ముని నా ఆకుపచ్చ చీర కట్టి, సవరం పెట్టి మొక్కుబడికి ఆడవేషం వేశాడు కదా. "ఒరే, అచ్చం మీయమ్మ మాదిరే ఉండావురా" అని నువ్వే వాడి బుగ్గన చుక్క పెట్టావు. ఆ ఫోటో వార్తల యాప్‌లో పడింది. "అమా, నెట్ లేకపోయినా సూసుకోవచ్చు" అని వాడే దాచి ఇచ్చాడు. ఆ తర్వాత నెల తిరక్కుండానే బండి ప్రమాదంలో పోయాడు.

ఈ ఒడ్డున సిగ్నల్ ఉండదు. అందరూ రోడ్డెక్కి వార్తలు దించుకుని, అన్నాల వేళ షెడ్డులో చదువుతారు. నేను ఆ ఒక్క పేజీనే చూసేదాన్ని. ఒకరోజు రోడ్డెక్కినప్పుడు, యాప్ మారుతోంది, పాతగా దాచినవి పోవచ్చు అని కనబడింది. కూడబలుక్కుని రెండుసార్లు చదివాను. నెట్ తగలకపోతే ఏదీ మారదని విమానం గుర్తు నొక్కేశాను. నీ ఫోన్లు రావని తెలుసు, అయినా తీయడానికి చెయ్యి రాలేదు.

నా పక్కన పనిచేసే మేరీ కనిపెట్టింది. "ఏందక్కా, ఫోనుకు గూడా ఉపాసం పెట్టినావా? నాది మారింది, దాచినవన్నీ అట్నే ఉండాయి. తే ఈడికి" అని రోడ్డు మీదికి లాక్కుపోయింది.

"పోతేనో?"

"పోతే నన్ను నీళ్లల్లోకి తొయ్యి."

విమానం గుర్తు తీస్తే కొత్త యాప్ దిగింది. పేజీ తెరిస్తే అక్షరాలున్నాయి, ఫోటో ఉండేచోట తెల్లటి డబ్బా. అంతలో పైనుంచి మెల్లగా మల్లెపూలు, నుదురు, నువ్వు పెట్టిన చుక్క, వాడి నవ్వు, నా చీర.

"ఇది నొక్కక్కా. నువ్వు తీసేదాకా ఫోటోతో గూడా ఈడ్నే ఉంటాది" అంది మేరీ. నొక్కాను. నెట్ ఆపి చూపించింది. ఉన్నాడు.

మళ్లీ నెట్ పెట్టి నీకు చేస్తే అమ్మ ఎత్తింది. "నీకూ ఏమన్నా అయిందేమోనని సిట్టి అన్నం ముట్టడం ల్యా, యాడున్నావే" అని ఏడ్చింది. ముని పోయినాక నువ్వెంత భయపడతావో నాకు తట్టలేదు తల్లీ. ఇక ఫోను ఆపను.

అమ్మ కాళ్లకు నా బదులు దండం పెట్టి, నన్ను దీవించమను. మరిదిగారిని అడిగానని చెప్పు. ఇది రాసింది నీ మంగక్క.

నేను బాగున్నాను. నువ్వు వేళకు కడుపునిండా తిను.